పూటకో అధ్యాయం

ఏడున్నరకల్లా క్రైన్ టీ చల్లారకుండా కెటిల్ మీద ఉన్ని టోపీ తొడిగి, రొట్టె ముక్కలు పళ్లెంలో సర్ది, తన కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. డెబ్బై ఎనిమిదేళ్లు. సముద్రపు కట్ట కింద బంకమట్టిలో ఉల్లి, బంగాళాదుంప పండించి పండించి నడుం వంగిపోయింది కానీ, భోజనాల బల్ల దగ్గర మాత్రం ఆయన నిటారుగానే కూర్చుంటాడు. ఎదురుగా చక్రాల కుర్చీలో భార్య యాకోబా. ఊళ్లో అందరికీ కోబా. పదకొండు వారాల క్రితం మెదడులో రక్తం గడ్డకట్టి, కుడి చెయ్యి, కుడి కాలు, నోట్లో మాట మూడూ ఒక్క ఉదయాన పోయాయి ఆమెకి.

ఇద్దరికీ మధ్య, చిన్నప్పటి చోటులోనే కూర్చుంది నెల్లా. నలభై ఎనిమిదేళ్లు వచ్చినా ఆ ఇంట్లో ఎవరి చోటు వాళ్లదే, మారదు. ఉత్రెక్ట్‌ నగరంలో మునిసిపల్ ఆఫీసులో పని చేస్తుంది. చర్చికి వెళ్లడం మానేసి ఇరవై ఆరేళ్లయింది. పెళ్లి చేసుకోకుండానే ఒకాయనతో కాపురం ఉంటోంది. ఈ సంగతి ఊళ్లో అందరికీ తెలుసు కాబట్టి ఇంట్లో ఎవరూ ఎత్తరు. నిన్న రాత్రి భోజనాలయ్యాక సంచిలో నాలుగు జతల బట్టలు, ఒక ఫైలూ పెట్టుకుని వచ్చింది. గూస్ పట్నంలో పెద్దవాళ్లను చూసుకునే ఒక నర్సింగ్ హోమ్‌లో గది ఖాళీ అయింది. ఈ రోజు శుక్రవారం, సాయంత్రం నాలుగులోగా తండ్రి సంతకం పెడితే ఆ గది అమ్మది. పెట్టకపోతే వరసలో తర్వాతి వాళ్లది. అన్నలిద్దరూ ఈ ఊళ్లోనే ఉన్నారు. "నాన్న ఎలాగంటే అలాగే" అని వాళ్లు చేతులు దులుపుకున్నారు.

ప్రార్థన అయింది. క్రైన్ భార్య రొట్టెకి వెన్న రాసి, జున్ను పెట్టి, చిన్న ముక్కలుగా కోసి ఆమె ఎడమ చేతికి అందేలా పెట్టాడు.  తినడం అయ్యాక వెనక అరలోంచి బైబిలు తీశాడు. ఆ ఇంట్లో పూటకో అధ్యాయం. పొద్దునా, మధ్యాహ్నం, సాయంత్రం. రాజుల పేర్లొచ్చినా, తినకూడని పక్షుల జాబితా వచ్చినా, గుడారానికి ఎన్ని మూరల తెర కావాలో వచ్చినా ఒక్క ముక్క వదలరు. మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా వెళ్లడానికి ఏడాది మీద ఒక నెల పడుతుంది. యాభై ఒక్క ఏళ్ల కాపురంలో ఇది నలభై ఏడో చుట్టు. పొలంలో ఉల్లి తడిసిపోతున్నా సరే, కొట్టంలో ఈనడానికి నొప్పులు పడుతున్న ఆవున్నా సరే, అధ్యాయం పూర్తయ్యాకే లేవడం.

క్రైన్ చదవడం ముగించి, కళ్లజోడు తీసి, భార్య వైపు తిరిగాడు.

"కోబా, చివరి మాట ఏమిటి?"

 చిన్నప్పుడు ముగ్గురు పిల్లల్నీ ఆయన ఇలాగే అడిగేవాడు. చదివిన దాంట్లో చివరి మాట చెప్పలేకపోతే చెవులు బల్ల దగ్గర లేవన్నమాట. ఆ వీధిలో ప్రతి తండ్రీ అడిగే ప్రశ్నే అది. కానీ వాళ్లు అడిగేది పిల్లల్ని.

కోబా పెదవులు కదిలాయి. గొంతులో ఏదో తిరిగింది. "బ... బా..." అంది. ఆమె ఎడమ చేతి వేలు బల్ల మీద టక్‌టక్‌మని కొట్టుకుంది. భయం, అనుకుంది నెల్లా. క్రైన్ ఎదురుచూశాడు.  తర్వాత చివరి వాక్యం మళ్లీ చదివి మళ్లీ అడిగాడు. ఈసారి కోబా నోటి చివర తడి గడ్డం మీదికి జారింది, మాట మాత్రం రాలేదు. మూడోసారీ అంతే.

"సరే. మధ్యాహ్నం చూద్దాం" అన్నాడు క్రైన్, గడ్డం తుడుస్తూ. పుస్తకం మూసి కళ్లు మూసుకుని కృతజ్ఞతా ప్రార్థన మొదలుపెట్టాడు.

నెల్లా కళ్లు మూసుకోలేదు. తల్లి ముఖమే చూస్తూ కూర్చుంది.

*

తొమ్మిదింటికి నర్సు మార్లీస్ సైకిలు గోడకి ఆనించి లోపలికొచ్చింది. రోజూ వచ్చి కోబాకి స్నానం చేయించి, బట్టలు మార్చి, కాళ్లకి పట్టీలు కట్టి వెళ్తుంది. పని అయ్యాక వంటింట్లో నిలబడే కాఫీ తాగుతుంటే, నెల్లా ఆమె ముందు దాల్చినచెక్క రొట్టె పెట్టి తలుపు దగ్గరికి వేసింది.

"మా నాన్న అమ్మని రోజూ అలా అడుగుతున్నాడా?"

"చివరి మాటా? ఆ, అడుగుతారు. ఒకసారి నేనున్నప్పుడే మధ్యాహ్నం భోజనం అయింది. నన్నడిగినా చెప్పలేకపోయేదాన్ని, నేను నా ఫోను గురించి ఆలోచిస్తున్నా."

"నవ్వులాట కాదండీ."

"తెలుసు నెల్లాగారూ." మార్లీస్ కప్పు కింద పెట్టింది. "చెప్పాలా వద్దా అని చూస్తున్నా. ఆయన లేచి వెళ్లాక అమ్మగారు ఏడుస్తారు. రోజూ. నేను తుడవబోతే చెయ్యి తోసేస్తారు."

"మరి డాక్టరుకి చెప్పలేదా?"

"చెప్పి ఏం చెయ్యను? మొగుడు బైబిలు చదువుతున్నాడని ఫిర్యాదు చెయ్యనా, ఈ ఊళ్లో?" అంది మార్లీస్. "ఆయన నడుం చూశారా? రాత్రి ఆవిడని మంచం మీదికి ఎత్తేది ఆయనే. ఒకరోజు ఇద్దరూ కింద పడతారు. నా మాటగా చెప్పను గానీ, మీరు ఫోనులో చెప్పారే, ఆ గది పోనివ్వకండి."

నెల్లాకి కావలసింది ఆ మాటే. తను చేస్తున్నది న్యాయమేనని ఎవరో ఒకరు అనాలి కదా. ఫైలులోంచి కాగితం తీసి మధ్యాహ్నం దాకా జేబులోనే పెట్టుకు తిరిగింది.

*

మధ్యాహ్నం ఉడికించిన బంగాళాదుంపలు, చిక్కుళ్లు, మాంసపు ఉండలు. క్రైనే వండాడు. ఈ పదకొండు వారాల్లో నేర్చుకున్న వంట అది. ఉప్పు ఎక్కువైంది, ఎవరూ అనలేదు. తర్వాత అధ్యాయం. తర్వాత కళ్లజోడు తీయడం. తర్వాత అదే ప్రశ్న.

"కోబా, చివరి మాట ఏమిటి?"

"'దినము'" అంది నెల్లా. "అమ్మ తరఫున నేను చెప్పాను. అయిందా? ఇక లేవొచ్చా?"

క్రైన్ ఆమె వైపు తల తిప్పలేదు. "నిన్నడగలేదు నేను."

"ఇక ఎవర్నీ అడక్కండి నాన్నా. రోజుకి మూడుసార్లు పరీక్షలో కూర్చోబెట్టి మూడుసార్లూ ఫెయిల్ చేస్తున్నారు ఆమెని. మాట పోయిన మనిషిని. ఇదేం భక్తి?"

"భక్తని నేనన్నానా?"

"మరి ఏమిటిది? మీరు లేచి వెళ్లాక రోజూ ఏడుస్తోందట. మార్లీస్ చూసింది."

"నాకు తెలుసు."

"తెలిసే అడుగుతున్నారా?"

"ఆ" అన్నాడు క్రైన్.

ఆ ఒక్క అక్షరంతో నెల్లాలో ఇన్నాళ్లూ మూతపెట్టి ఉంచినదంతా పొంగింది. కాగితం తీసి బల్ల మీద పరిచింది. "ఇది గూస్‌లో గది కాగితం. అక్కడ పొద్దున లేచేసరికి పళ్లెం వస్తుంది. వారానికి రెండుసార్లు మాట నేర్పే టీచరు వస్తుంది, చదువుకున్న మనిషి. ఎత్తడానికి మిషను ఉంది. చివరి మాట అడిగేవాళ్లెవరూ లేరు. నాలుగింటిలోపు సంతకం కావాలి."

"కోబా ఇక్కడే ఉంటుంది."

"ఎందుకు? మీకు వినేవాళ్లు కావాలి, అందుకేగా? ఇంట్లో ఎవరూ మిగల్లేదు, అందుకని ఆమె దొరికింది. కుర్చీలోంచి లేచి పారిపోలేని మనిషి."

క్రైన్ చెయ్యి పుస్తకం మీద ఉంది.  అయినా గొంతు పెంచలేదు. ఆయన ఎన్నడూ పెంచడు, అదే నెల్లాకి మరీ మంట.

"నాకు పదకొండేళ్లప్పుడు కాలువలు గడ్డకట్టాయి, గుర్తుందా?" అంది. "ఊళ్లో పిల్లలంతా మంచు మీద జారడానికి వెళ్లారు. బడికి కూడా సెలవిచ్చారు. నా చెవులు బయట ఉన్నాయి, చివరి మాట చెప్పలేకపోయాను. 'గుర్తొచ్చేదాకా కూర్చో' అన్నారు మీరు. చీకటి పడేదాకా కూర్చున్నాను. మర్నాడు వాన పడి మంచంతా కరిగిపోయింది. ఆ తర్వాత మళ్లీ అలాంటి చలికాలం రానే లేదు, నాకు పిల్లతనమంతా అయిపోయింది. నేను మంచు గురించి అడగడం లేదు నాన్నా. ఆ రోజు అమ్మ ఆ కిటికీ దగ్గర నాకు వీపు పెట్టి నిలబడింది. ఏడుస్తూ. మీకు ఎదురు చెప్పలేక. నేను చూశాను. మీ బల్ల దగ్గర్నుంచి ఎంత దూరం పోవచ్చో అంత దూరం పోవాలని ఆ కుర్చీలోనే అనుకున్నాను."

క్రైన్ నోరు తెరిచాడు. ఏదో అనబోయి భార్య వైపు చూశాడు. కోబా చూపు బల్ల గుడ్డ మీద ఉంది. ఆయన నోరు మూసుకున్నాడు.

"ఆమెనైనా వదిలెయ్యండి" అంది నెల్లా. "మమ్మల్ని ఎలాగూ వదల్లేదు."

క్రైన్ పుస్తకం మూశాడు. కృతజ్ఞతా ప్రార్థన చెయ్యలేదు. నెల్లాకి తెలిసినంతలో ఆ ఇంట్లో అలా జరగడం అదే మొదటిసారి. లేచి అలమరలోంచి పెన్ను తెచ్చి, వంగి, పెద్ద పెద్ద అక్షరాలతో సంతకం చేశాడు.

"ఇంక అడగను" అన్నాడు. "నీకు మాటిస్తున్నాను."

మూడింటికి నెల్లా కాగితాన్ని ఫోనుతో ఫోటో తీసి పంపేసింది. నిమిషంలో జవాబొచ్చింది. సోమవారం పది గంటలకి బండి వస్తుంది. గెలిచింది. ముప్ఫై ఏడేళ్ల తర్వాత ఆ బల్ల దగ్గర ఆయన మీద గెలిచింది. పెరట్లో నిలబడి ఆ సంతోషం కోసం చాలాసేపు ఎదురుచూసింది, ఎంతకీ రాలేదు.

*

సాయంత్రం ఆరింటికి మళ్లీ రొట్టె, జున్ను. ఏప్రిల్ నెల కావడంతో కిటికీలో ఇంకా వెలుతురుంది. తినడం అయింది. క్రైన్ చేతులు ఒళ్లో పెట్టుకుని తల దించుకుని కూర్చున్నాడు. అరలోంచి పుస్తకం తియ్యలేదు.

కోబా ఆయన వైపు చూసింది. కొంచెంసేపు ఆగి మళ్లీ చూసింది. తర్వాత ఎడమ చేత్తో బల్ల మీద కొట్టింది.

"ఏం కావాలమ్మా? నీళ్లా?" అంది నెల్లా.

కోబా తల అడ్డంగా ఊపింది.

"బాత్రూమా? చలేస్తోందా? శాలువా తేనా?"

కోబా అన్నింటికీ అడ్డంగానే ఊపి ఈసారి అరచేత్తో గట్టిగా కొట్టింది. పళ్లేలు కదిలాయి. వేలెత్తి అర వైపు చూపించింది.

"వద్దులే అమ్మా" అంది నెల్లా, ఆ చెయ్యి పట్టుకుని నిమురుతూ. "నాన్న ఇంక నిన్ను విసిగించరు. నాకు మాటిచ్చారు. ఇంక అదేం లేదు."

కోబా చెయ్యి విదిలించుకుంది. పక్షవాతం వచ్చిన మనిషికి ఎడమ చేతిలో అంత బలం ఎక్కడ దాక్కుందో. గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది, మాట కాదు, కానీ కోపమని తెలిసిపోతోంది. అర వైపే చూపిస్తోంది.

"నాన్నా, కొంచెం..." అంది నెల్లా.

"నేను మాటిచ్చాను" అన్నాడు క్రైన్, తల ఎత్తకుండా.

చేసేది లేక నెల్లాయే లేచింది. పుస్తకం తను అనుకున్నదాని కన్నా బరువుగా ఉంది. దాన్ని తండ్రి ముందు పెట్టబోతే కోబా లాక్కుంది. ఎడమ చేత్తో తంటాలు పడి గుర్తు రిబ్బన్ దగ్గర తెరిచింది. తెరిచి, బల్ల మీద నుంచి తోసింది. క్రైన్ వైపు కాదు. నెల్లా వైపు.

"నేనా? అమ్మా, నేను చదవను. నీకు తెలుసుగా, నేను ఇవన్నీ..."

కోబా చూస్తూనే ఉంది. నెల్లా చదివింది. మొదట్లో తడబడింది. పాతకాలపు మాటలు నోరు తిరగలేదు. కానీ నాలుగైదు వాక్యాలయ్యేసరికి ఎక్కడ ఆగాలో, ఎక్కడ స్వరం దించాలో గొంతుకి దానంతటదే తెలిసిపోయింది. ఇరవై ఆరేళ్లు వదిలేసినా అది ఆమెని వదల్లేదని నెల్లాకి ఒళ్లు మండింది. అధ్యాయం పూర్తి చేసి తలెత్తింది.

తల్లి కళ్లు ఆమె మీదే ఉన్నాయి. తడి లేదు, బేలతనం లేదు, దయ లేదు. ఆ చూపు నెల్లాకి తెలుసు. చర్చిలో ప్రసంగం మధ్యలో కునుకు పడితే, నిద్ర తేలేలా అమ్మ నోట్లో పెప్పర్‌మెంటు బిళ్ళ పెట్టే ముందు పక్కనుంచి తగిలే చూపు. అప్పుడు కోబా వేలు బల్ల మీద పడింది. టక్‌, టక్‌.



ఆ చప్పుడు ఇవాళ పొద్దున ఒక్కసారే విన్నది కాదు. ఎనిమిదేళ్లప్పుడు, పదకొండేళ్లప్పుడు, పదిహేడేళ్లప్పుడు ఈ బల్ల దగ్గర విన్నది. పుస్తకం ముగియగానే అమ్మ వేలు రెండుసార్లు కొట్టేది. తర్వాతే నాన్న కళ్లజోడు తీసేవాడు. తర్వాతే అడిగేవాడు. వేల సార్లు విని కూడా, అమ్మకదో అలవాటు, తోచక కొడుతోంది అనుకుంది తప్ప, అది అడగమని చెప్పడమని ఒక్కసారి తట్టలేదు ఆమెకి.

"అమ్మా" అంది.  "అడగమనేది నువ్వా?"

కోబా తల ఊపింది. అవును.

"ఆ రోజు? మంచు రోజు? గుర్తొచ్చేదాకా కూర్చోమన్నది?"

కోబా ఆగింది. కళ్లు ఒక్క క్షణం భర్త వైపు వెళ్లి వచ్చాయి. తర్వాత నెమ్మదిగా, తప్పు లేదన్నట్టూ కాదు, తప్పయిందన్నట్టూ కాదు, జరిగింది జరిగినట్టు ఒప్పుకుంటూ తల ఊపింది.

క్రైన్ లేచి పళ్లేలు తీయడం మొదలుపెట్టాడు. ఈ మాట వినకుండా ఇల్లు దాటి పోగలిగితే పోయేవాడే.

నెల్లా తల్లి కుర్చీ పక్కన నేల మీద కూర్చుంది. అడగాల్సింది ఒకటుందని, పదకొండు వారాలుగా ఆ ప్రశ్న ఎవరూ అడగలేదని అప్పుడు తట్టింది. నాన్న అడగలేదు, అన్నలు అడగలేదు, మాట పోయినవాళ్లకి ఇష్టం కూడా పోతుందన్నట్టు తనూ అడగలేదు.

"గూస్‌కి వెళ్తావా?"

అడ్డంగా ఊపింది.

"ఇక్కడే ఉంటావా? ఆయన నీళ్లు పొయ్యలేడు, నిన్ను ఎత్తలేడు, ఉప్పు ఎక్కువేస్తాడు. పూటపూటా చివరి మాట అడుగుతాడు. నీకు రాదు. అయినా ఉంటావా?"

కోబా తల నిలువుగా ఊపింది. నెల్లా వచ్చాక మొదటిసారి ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. నెల్లా తుడవబోయి ఆగింది. నర్సు చెయ్యి ఎందుకు తోసేసేదో ఇప్పుడు అర్థమైంది. అడిగినందుకు కాదు ఆ ఏడుపు. చెప్పలేకపోయినందుకు. యాభై ఒక్క ఏళ్లు అందరి చేతా చెప్పించిన మనిషి తన వంతు వచ్చేసరికి చెప్పలేకపోతోంది.

గూస్‌కి ఫోను చేసింది. శుక్రవారం సాయంత్రం కదా, మిషనే ఎత్తింది. "యాకోబా కూతుర్ని. మాకు గది వద్దు. పొరపాటు నాది. సోమవారం బండి పంపకండి" అని చెప్పింది. ఆఫీసుకి రెండు వారాల సెలవు చీటీ రాసింది. అన్నలిద్దరికీ ఫోను చేసి, రేపట్నుంచి రాత్రి పూట అమ్మని ఎత్తడానికి వంతులవారీగా రావాలని, ఈసారి నాన్న ఎలాగంటే అలాగ కాదని చెప్పింది. ఇద్దరూ వెంటనే సరేనన్నారు. ఆ గొంతు వాళ్లెక్కడో విన్నదే.

*

వంటింట్లో క్రైన్ సింకు ముందు నిలబడి గిన్నెలు కడుగుతున్నాడు. నెల్లా తుడిచే గుడ్డ తీసుకుని పక్కన నిలబడింది. రెండు పళ్లేలు, మూడు కప్పులు తుడిచింది.

"ఎందుకలా చేసింది అమ్మ?" అంది చివరికి.

"వాళ్ల నాన్న గురించి నీకేం తెలుసు?"

"తాగేవాడని."

"వరదకి ముందు తాగేవాడు కాదు. పందొమ్మిది వందల యాభై మూడులో కట్ట తెగి సముద్రం ఊళ్లోకొచ్చింది. అమ్మకి ఐదేళ్లు. ఇంటి పైకప్పు మీద రెండు రాత్రులు. ఆమె తమ్ముడు చలికి వాళ్ల నాన్న చేతుల్లోనే పోయాడు. నీళ్లు దిగాక ఆయన బైబిలు మూసి అటక మీద పారేశాడు. ఒక్క పూట చదవకపోతే ఏమవుతుందన్నాడట. తర్వాత ఇంకో పూట. ఆ తర్వాత ఆ ఇంట్లో ఎవరూ ఎవరితోనూ ఏమీ చదవలేదు, మాట్లాడలేదు. ఇల్లంటే అలాగే ఉంటుందనుకుని పెరిగింది అమ్మ." క్రైన్ ఒక చెంచాని చాలాసేపు తోమాడు. "పెళ్లికి వారం ముందు నన్ను కట్ట మీదికి తీసుకెళ్లి అడిగింది. పూటకో అధ్యాయం, ఏం జరిగినా సరే, చివరి మాటతో సహా. ఒప్పుకోకపోతే పెళ్లి లేదంది. ఒప్పుకున్నాను. అప్పుడు ఆమె ఏమడిగినా ఒప్పుకునేవాణ్ణి."

"మీకు ఇష్టం లేదా?"

"నేను రెండో వారమే మానేసేవాణ్ణి నెల్లా. నాకు నిలకడెక్కడిది? చర్చిలో ప్రభువు బల్ల దగ్గరికి, ఆ పవిత్రమైన రొట్టె ముక్క అందుకోవడానికి, నాకా అర్హత ఉందో లేదోనని ఇంతవరకూ ఒక్కసారి లేచి వెళ్లే ధైర్యం రాలేదు నాకు. అమ్మ వెళ్తుంది. నేను బెంచీలోంచి చూస్తాను. ఈ ఇంట్లో పట్టుదలంతా ఆమెది. నాది గొంతు. తండ్రే చదవాలి, తండ్రే అడగాలి కాబట్టి అడిగాను. ఇప్పుడు ఆమెకి గొంతు లేదు. నేను కూడా ఆపేస్తే ఇంకేం మిగులుతుంది ఆమెకి?"

"ఆ రోజు?"

"నేను నీ స్కేట్లు కిందికి తెచ్చాను. వాటి కింది కత్తులకి సాన కూడా పెట్టాను. ఆమె నా చేతిలోంచి తీసుకుని బీరువా మీద పెట్టింది. ఒక్కపూటేగా అన్నాను. 'ఒక్కపూటతోనే మా ఇల్లు పోయింది' అంది. తర్వాత వెళ్లి కిటికీ వైపు తిరిగి నిలబడింది. నీ ముఖం చూస్తే వదిలేస్తానేమోనని భయం ఆమెకి."

నెల్లా చేతిలో పళ్లెం అలాగే ఉండిపోయింది. ఆమెకి తల్లి మీద కోపం రావాలి. వచ్చింది కూడా, కానీ అది చక్రాల కుర్చీ దాకా వెళ్లి తిరిగొచ్చింది. ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

"మరి మీరు చెప్పొచ్చుగా. ముప్ఫై ఏడేళ్లు నాన్నా. మీ ఉత్తరాలు విప్పకుండా పారేశాను. మీకు గుండె ఆపరేషన్ అయినప్పుడు రాలేదు. ప్రతి ఏడాదీ అమ్మ పుట్టినరోజుకి వచ్చి, మీతో ఒక్క మాట మాట్లాడకుండా కేకు తిని వెళ్లాను. ఒక్క మాట చెప్పి ఉంటే..."

"చెబితే?"

ఆయన చేతులు సబ్బు నీళ్లలోనే ఉన్నాయి. కూతురి వైపు తిరగలేదు.

"నన్ను అప్పటికే వదులుకున్నావు. చెబితే అమ్మని కూడా వదులుకునేదానివి. ఆ పుట్టినరోజుకి కూడా వచ్చేదానివి కాదు. నువ్వు లోపలికొచ్చినప్పుడు ఆమె ముఖం ఎలా ఉంటుందో నువ్వు చూడలేదు, నేను చూశాను. ఒకరిని పోగొట్టుకుంటే సరిపోతుందిలే అనుకున్నాను."

కాదు నాన్నా, అలా చేసేదాన్ని కాదు అనాలనుకుంది నెల్లా. అనలేకపోయింది. చేసేదే. తనకి తెలుసు. పళ్లెం ఛాతీకి ఆనించుకుని నిలబడి ఏడ్చింది. చప్పుడు కాకుండా ఏడవాలని చూసింది, కుదరలేదు. క్రైన్ చేతులు తుడుచుకుని, ఆమె చేతుల్లోంచి పళ్లెం తీసుకుని, తనే తుడిచి అలమరలో పెట్టాడు. కూతురి భుజం మీద చెయ్యి వెయ్యాలో వద్దో తెలియక కాసేపు గాలిలోనే ఉంచి, చివరికి వేశాడు. ఆ చెయ్యి తడిగా ఉంది, బరువుగా ఉంది.

"రేపు పొద్దున కూడా నేనే చదవనా?" అంది నెల్లా, ముక్కు ఎగబీలుస్తూ.

"నన్నడిగితే ఎలా?" అన్నాడు క్రైన్. "వెళ్లి అమ్మనడుగు."

నెల్లా ముఖం కడుక్కుని, లోపల కుర్చీలో కూర్చున్న తల్లి దగ్గరికి వెళ్లింది.